వరుస లేని దుఃఖం: సింగపూర్‌లో ముగ్గురు చైనీస్ వృద్ధుల స్నేహం

సింగపూర్‌లోని ఒక పాత హౌసింగ్ బోర్డు కాలనీలో, 12 అంతస్తుల భవనం కింద నడిచే వృద్ధుల కేంద్రంలో నేను 11 ఏళ్లుగా సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది 70 దాటిన చైనీయులు, వారిలో సగానికి పైగా భర్తనో భార్యనో పోగొట్టుకున్నవారు. ఇక్కడ రాస్తున్నది అటువంటి ముగ్గురి స్నేహం గురించీ, ఆ ముగ్గురిలో ఒకరు పోయినప్పుడు మిగిలిన ఇద్దరికీ ఏం జరిగిందన్న దాని గురించీ, ఆ సమయంలో నేను చేసిన పొరపాట్ల గురించీ. పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు మార్చాను, ఇదే తీరులో సాగిన మరో రెండు కేసుల్లోని సంఘటనలు కొన్ని ఇందులో కలిపాను. సౌకర్యం కోసం వారిని పెద్దావిడ, చిన్నావిడ, పెద్దాయన అని పిలుస్తాను.

కేసు నా దగ్గరికి వచ్చిన తీరు

2023 మే నెలలో పాలీక్లినిక్ నర్సు నుంచి ఒక రెఫరల్ వచ్చింది. 79 ఏళ్ల వితంతువు, ఒంటరిగా ఉంటున్నారు, మధుమేహం అదుపు తప్పింది, ఏడాది కిందట 7.1 ఉన్న హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు రక్తచక్కెరను చూపే పరీక్ష) ఇప్పుడు 9కి చేరింది, బరువు తగ్గారు, మాట తగ్గింది, డిప్రెషన్ ఉండవచ్చు, కేంద్రంలో కార్యక్రమాలకు రప్పించగలరేమో చూడండి అన్నది దాని సారాంశం. నేను పెద్దావిడ అంటున్నది ఈవిడనే. ఆవిడ నాకు కొత్త మనిషి కాదు, మా కేంద్రంలో సభ్యురాలే. రెఫరల్ పత్రంలో 'ఇటీవలి మరణాలు' అనే గడి ఒకటి ఉంది, దానికింద భర్త, సంతానం, తోబుట్టువులు అనే మూడు వరుసలు ఉన్నాయి. మూడింటికీ ఎదురుగా 'లేవు' అని రాసి ఉంది. ఆ రాసింది అబద్ధం కాదు. ఫిబ్రవరి రెండో వారంలో ఆవిడ నెచ్చెలి, అంటే చిన్నావిడ, పోయారు, కాని ఆ సంగతి రాయడానికి పత్రంలో చోటు లేదు.

ముగ్గురు మనుషులు, ఒక వరండా

పెద్దావిడది హొక్కియెన్ అనే చైనీస్ భాష మాట్లాడే కుటుంబం. భర్త పోయి 16 ఏళ్లయింది. ముగ్గురు పిల్లల్లో ఒకరు విదేశంలో ఉన్నారు, ఒక కూతురు ఫోన్‌లో పలకరిస్తారు, ఊరి అవతలి కొసన ఉండే కొడుకు ఆదివారం విడిచి ఆదివారం వస్తారు. చిన్నావిడ ఆమె కంటే ఐదేళ్లు చిన్న, పుట్టుకతో కాంటనీస్, పిల్లలు లేరు, దగ్గరి బంధువంటే చనిపోయిన అన్నగారి కొడుకు ఒక్కడే. ఇద్దరివీ ఒకే అంతస్తులో, ఒకే వరండా మీద, ఎదురెదురు మూలల్లో ఉన్న ఇళ్లు. పెద్దాయన 82 ఏళ్ల తియోచ్యూ మనిషి, ఒకప్పుడు టాక్సీ నడిపారు, పక్క భవనంలో ఉంటారు. 2017లో పోయిన ఆయన భార్య ఈ ఇద్దరికీ మార్కెట్ తోడు. ఆ ఇల్లాలు బతికి ఉన్నంత కాలం ఆయన ఈ ఇద్దరితో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండరు. ఆమె పోయాక, నలభై రోజులో యాభై రోజులో గడిచిన తరువాత, ఒక ఉదయం కింద కాఫీ దుకాణంలో వారి బల్ల దగ్గర నిలబడి, కుర్చీ ఖాళీయేనా అని అడిగారట. ఆ తరువాత దాదాపు ఆరేళ్లు ఆ కుర్చీ ఆయనదే.

భర్త పోయిన స్త్రీలకూ భార్య పోయిన పురుషులకూ మధ్య తేడా ఇక్కడ కనిపిస్తుంది. ఆ తరం చైనీస్ పురుషుల్లో నేను చూసిన చాలామందికి బంధువులతో, ఇరుగుపొరుగుతో రాకపోకలు నడిపింది భార్యే. పెళ్లిళ్లకు ఎర్ర కవరులో ఎంత పెట్టాలి, ఎవరి ఇంటికి కొత్త సంవత్సరంలో రెండు కమలాపండ్లు పట్టుకెళ్లాలి అన్న లెక్కలన్నీ ఆమె చేతిలో ఉండేవి. ఆమె పోవడంతో ఆ రాకపోకలూ ఆగిపోయి ఆయన ఇంట్లో టీవీ ముందు మిగిలిపోతాడు. పెద్దాయన అలా మిగలకపోవడానికి కారణం ఆయన చొరవ కొంత, భార్య స్నేహాన్ని ఈ ఇద్దరూ ఆమెతోపాటు సాగనంపేయకపోవడం ఎక్కువ.

భాష సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగినదంతా దానిమీదే ఆధారపడి ఉంది. సింగపూర్ ప్రభుత్వం 1979లో, చైనీయులందరికీ ఉమ్మడి భాషగా మాండరిన్ మాట్లాడండి అనే ఉద్యమం మొదలుపెట్టింది, ఆ తరువాతి కొద్ది ఏళ్లలో హొక్కియెన్, తియోచ్యూ, కాంటనీస్ వంటి భాషల కార్యక్రమాలు రేడియో, టీవీల నుంచి చాలావరకు తప్పుకున్నాయి. అప్పటికే ముప్ఫైలలో ఉన్న, బడికి పెద్దగా వెళ్లని పెద్దావిడ వంటివారికి తమ ఊళ్లోనే తమ భాష చెల్లని పరిస్థితి వచ్చింది. ఆసుపత్రి ఉత్తరాలు ఇంగ్లీషులో వస్తాయి, మా కేంద్రంలో కార్యక్రమాలు మాండరిన్‌లో జరుగుతాయి, ఆవిడకు నోటినిండా వచ్చినది హొక్కియెన్ ఒక్కటే. చిన్నావిడ ఒకప్పుడు బట్టల దుకాణంలో పనిచేసిన మనిషి కావడంతో కాంటనీస్, మాండరిన్, హొక్కియెన్ మూడూ పలికేవారు, బేరసారాలకు సరిపడా ఇంగ్లీషూ చదివేవారు. పదేళ్లకు పైగా పెద్దావిడ మందుల చీటీలు, అపాయింట్‌మెంట్ తేదీలు, కరెంటు బిల్లులు అన్నీ ఆమె నోటి మీదుగానే పెద్దావిడకు చేరాయి. ఇది నాకు తెలుసు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉత్తరం విప్పడం నా కళ్లతో ఎన్నోసార్లు చూశాను. అయినా పెద్దావిడ ఫైలులో 'మాండరిన్ అర్థమవుతుంది' అని రాసి ఉంది, రాసింది నేనే. అర్థమైంది ఆవిడకు కాదు, పక్కనున్న స్నేహితురాలికి.

వారి స్నేహంలో మాటల పాలు తక్కువ. హొక్కియెన్‌లో పలకరింపే 'చియా పా బ్వే', అంటే తిన్నావా అని. మన ఊళ్లలో భోంచేశారా అని అడగడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే కాబట్టి నాకు దీని బరువు తెలుసు. ఎదుటివారు తిన్నామంటే అన్నీ బాగున్నట్టే లెక్క, తినలేదంటే ఇక ఏమైందని అడగనక్కర్లేదు, గిన్నె తెచ్చి పెట్టడమే. బుధవారం పెద్దావిడ గంజి వండితే మూడు గిన్నెలకు సరిపడా వండేవారు. శనివారం చిన్నావిడ సూప్ కాచి స్టీలు క్యారియర్‌లో పోసి పెద్దాయనకు పంపేవారు. చనిపోయిన భర్తల గురించి ఎప్పుడైనా మాట్లాడుకునేవారా అని ఒకసారి అడిగాను. "దాని గురించి మాట్లాడుకునేదేముంది? ఇద్దరికీ తెలిసిందే కదా," అన్నారు పెద్దావిడ. కౌన్సెలింగ్ చదువుకుని వచ్చిన మనకు స్నేహం లోతును మనసు విప్పి చెప్పుకోవడంతో కొలిచే అలవాటు ఉంటుంది. ఆ కొలతతో చూస్తే ఈ ముగ్గురూ వట్టి ఇరుగుపొరుగు మాత్రమే అనిపిస్తారు.

చైనీస్ సంప్రదాయంలో స్నేహానికి స్థానం లేకపోలేదు. కన్ఫ్యూషియస్ పరంపర చెప్పే ఐదు మానవ సంబంధాల్లో ఐదవది మిత్రుల మధ్యది, మిగిలిన నాలుగింటిలో ఉన్న పెద్ద, చిన్న తేడా దీనిలో లేదు. దూరపు చుట్టం కంటే దగ్గరి పొరుగు మేలు అనే సామెత మా కేంద్రంలో రోజుకు నాలుగుసార్లు వినిపిస్తుంది. సింగపూర్ చైనాటౌన్‌లోనైతే దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చి, పెళ్లి చేసుకోబోమని తల ముడిచి ప్రమాణం చేసి, ఇళ్లలో పనిచేసిన స్త్రీలు గదులు కలిసి అద్దెకు తీసుకుని, ఒట్టు పెట్టుకున్న అక్కచెల్లెళ్లలా ఒకరికొకరు ముసలితనంలో తోడు నిలిచారు. చిన్నావిడ పుట్టి పెరిగింది అటువంటి గదులున్న వీధిలోనే. పిల్లలు లేని తన ముసలితనం ఎలా గడవాలన్న దానికి ఆమె కళ్ల ముందు ఒక నమూనా చిన్నప్పటినుంచీ ఉందని నా ఊహ.

తువ్వాలు

ఈ ముగ్గురి స్నేహంలో నేను అన్నిటికంటే ఎక్కువగా నేర్చుకున్నది ఒక తువ్వాలు నుంచి. 2020 ఏప్రిల్ 7 నుంచి జూన్ 1 వరకు సింగపూర్‌లో కోవిడ్ కట్టడి అమలులో ఉంది, ఒకే ఇంటివారు కానివారు ఒకరి ఇంటికి ఒకరు వెళ్లకూడదు. మా కేంద్రం మూతపడింది. అడుగుల లెక్కన ముప్ఫై అడుగుల దూరంలో ఉన్న ఈ ఇద్దరూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కకూడని రోజులవి. అప్పుడు చిన్నావిడ ఒక ఏర్పాటు చేశారు. ఉదయం 7 గంటలకల్లా తన ఇనుప గేటు మీద ఒక తువ్వాలు ఆరవేస్తారు, పెద్దావిడా అలాగే వేస్తారు. రాత్రి పడుకునే ముందు ఇద్దరూ తీసేస్తారు. తెల్లారి తువ్వాలు కనిపించకపోతే ఫోన్ చేయాలి, ఫోన్ ఎత్తకపోతే వెళ్లి తలుపు కొట్టాలి. జూన్ 2 నుంచి పిల్లలు వెళ్లి తల్లిదండ్రులనూ, మనవలు వెళ్లి తాతలనూ అమ్మమ్మ, నాయనమ్మలనూ చూడవచ్చని సడలింపు వచ్చింది, మిత్రులు కలుసుకోవడానికి మాత్రం జూన్ 19 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రెండున్నర వారాల్లో పెద్దావిడ కొడుకు ఒక్కసారి వచ్చారు. తువ్వాలు ప్రతిరోజూ వచ్చింది. ఆంక్షలన్నీ పోయాక కూడా ఆ అలవాటు పోలేదు.

ఇక్కడ ఒక మాట పక్కకు తప్పి చెప్పాలి. పాత హౌసింగ్ బోర్డు భవనాల్లో అందరి తలుపులూ ఒకే పొడవాటి వరండాలోకి తెరుచుకుంటాయి. ఏకాంతం లేదని కొత్త తరం వీటిని ఇష్టపడదు. కాని ఈ తువ్వాలు విద్య ఆ వరండాలోనే సాధ్యం.

పెద్దాయన గురించి గుసగుసలు

ఒక వితంతువు, ఇంకొక వితంతువు, ఒక విధురుడు ఆరేళ్లు ఒకే బల్ల దగ్గర కాఫీ తాగితే నలుగురూ నాలుగు మాటలు అనకుండా ఉండరు. పెద్దాయన చిన్నావిడను పెళ్లాడతారన్న పుకారు ఆయన కూతురిదాకా వెళ్లింది, ఆమె మా కేంద్రానికి వచ్చి నన్నే నిలదీసింది. నా తండ్రికి ఎవరో వలవేస్తున్నారు, ఇల్లు రాయించుకుంటారు అన్నది ఆమె భయం. దానిని తేలిగ్గా తీసుకోలేం. సింగపూర్ చట్టం ప్రకారం పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా సాధారణంగా రద్దవుతుంది. మన ప్రావిడెంట్ ఫండ్ వంటి సీపీఎఫ్‌లో చేసిన నామినేషన్ కూడా రద్దవుతుంది. ఆ తరువాత మళ్లీ రాయకపోతే కొత్త జీవిత భాగస్వామికి చట్టం ప్రకారం వాటా వస్తుంది. వృద్ధాప్యంలో పెళ్లి అనగానే పిల్లలు బెదరడానికి మొహమాటం ఒక్కటే కారణం కాదు. చైనా ప్రధాన భూభాగంలోనూ ఇదే చిక్కు. అక్కడ 2021 జనవరి 1న అమలులోకి వచ్చిన పౌర స్మృతి తల్లిదండ్రుల పునర్వివాహంలో పిల్లలు జోక్యం చేసుకోకూడదని స్పష్టంగా చెబుతున్నా, ఆస్తి గొడవ ఎందుకని పెళ్లి జోలికి పోకుండా తోడుగా ఉండిపోయే వృద్ధులు ఎందరో ఉన్నారు.

పెద్దాయనను నేరుగా అడిగాను. ఆయన చాలాసేపు నవ్వారు. తరువాత, "పెళ్లాం ఒకతె ఉండేది, ఆమె పోయింది. ఇది కాఫీ," అన్నారు. చైనీస్‌లో జీవిత భాగస్వామిని ముసలితనపు తోడు అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఆ మాటను ఈ ఇద్దరి విషయంలో ఆయన ఎప్పుడూ వాడలేదు, వాడనివ్వలేదు కూడా. స్త్రీ పురుషుల మధ్య ప్రేమ కాని దగ్గరతనం ఉండవచ్చని ఆ వయసువారు మనకంటే తేలిగ్గా నమ్ముతారు. నమ్మనిది వారి పిల్లలు, కొన్నిసార్లు మనం.

మరణం, అప్పుడు నేను చేసినది

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఉదయం తువ్వాలు కనిపించలేదు. పెద్దావిడ ఫోన్ చేశారు, తలుపు కొట్టారు, కింద మా కేంద్రానికి దిగి వచ్చారు. మేము అంబులెన్స్ పిలిచాము. పక్షవాతం. చిన్నావిడ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు.

ఆ నాలుగు రోజుల్లో పెద్దావిడ నా దగ్గరికి మూడుసార్లు వచ్చారు. ఎలా ఉందో కనుక్కోమని అడిగారు. నాకు తెలుసు, మేనల్లుడితో ఫోన్‌లో మాట్లాడాను. అయినా, రోగి సమాచారం కుటుంబానికే చెప్పాలి, మీరు వాళ్ల అబ్బాయిని అడగండి అని చెప్పాను. నిబంధన ప్రకారం అది సరైన జవాబే. ఆ మేనల్లుడి నంబరు ఆమె దగ్గర లేదని, ఉన్నా ఆయన ఇంగ్లీషు, మాండరిన్ తప్ప మాట్లాడరని, ఆయనకు ఈమె ఎవరో తెలియదని నేను ఆ క్షణంలో ఆలోచించలేదు. ఆయన ఒప్పుకుంటే సమాచారం చెప్పడానికి ఏ నిబంధనా అడ్డు రాదు, ఆ ఒప్పుదల అడగడానికి ఒక ఫోన్ చాలు. ఆ ఫోన్ నేను చేయలేదు. చిన్నావిడ పోయిన సంగతి పెద్దావిడకు వరండాలో, ఆ ఇంటికి తాళం వేయడానికి వచ్చిన మనిషి ద్వారా తెలిసింది.

అంత్యక్రియలు మేనల్లుడు ఉండే మరో కాలనీలో, భవనం కింది ఖాళీ స్థలంలో మూడు రోజులు జరిగాయి. చైనీస్ సంతాప విధానంలో ఎవరు ఎంత దగ్గరో చూడగానే తెలుస్తుంది. పిల్లలకూ, కోడళ్లకూ, మనవలకూ వారి వారి వరుసను బట్టి భుజం మీద చిన్న గుడ్డముక్క పిన్నుతో గుచ్చుతారు. స్నేహితులకు ఆ గుడ్డముక్క లేదు. వారు కవరులో బేసి సంఖ్య మొత్తం పెట్టి ఇచ్చి, ధూపం వెలిగించి నమస్కరించి, వెళ్లేటప్పుడు కీడు తగలకుండా ఇచ్చే ఎర్ర దారం తీసుకుని వెళ్లిపోవాలి. పెద్దాయన తోడుగా పెద్దావిడ మొదటి రాత్రి అక్కడికి వెళ్లారు. కవరు ఇచ్చారు, ధూపం వెలిగించారు, ఎర్ర దారం తీసుకోలేదు. చచ్చినవారికి కాల్చి పంపే బంగారు కాగితాన్ని పాతకాలపు బంగారు ముద్దల ఆకారంలో మడిచే పని ఎవరైనా చేయవచ్చు. ఆవిడ ఒక మూల కుర్చీలో కూర్చుని తెల్లవారేదాకా మడుస్తూనే ఉన్నారని పెద్దాయన నాతో చెప్పారు. మేనల్లుడు వచ్చి మీరు ఎవరని మర్యాదగా అడిగితే, పక్కింటిదాన్ని అన్నారట.

మన దగ్గరా ఇంతే. జ్ఞాతులకు పది రోజుల మైల, ముప్ఫై ఏళ్లు స్నేహం చేసిన మనిషికి ఇంటికెళ్లి చేసే స్నానం. దుఃఖాన్ని వరుసను బట్టి పంచడం చైనీయుల ప్రత్యేకత ఏమీ కాదు. మరణ దుఃఖం మీద పరిశోధన చేసిన కెన్నెత్ డోకా 1989లో దీనికి ఒక పేరు పెట్టారు, తెలుగులో దానిని సమాజం గుర్తించని దుఃఖం అనవచ్చు. పోగొట్టుకున్నవారికి ఏడ్చే హక్కు ఉందని ఎవరూ ఒప్పుకోని దుఃఖం అన్నమాట. ఆ మాట నేను పరీక్షల కోసం కంఠస్థం చేసినదే.

మొదటి ప్రణాళిక, అది ఎందుకు చెడింది

మే నెలలో అంచనా వేశాను. 15 ప్రశ్నల వృద్ధుల డిప్రెషన్ ప్రశ్నావళిలో ఆవిడకు 8 వచ్చింది, ఐదు దాటితే డాక్టరుకు చూపించాలి కాబట్టి చూపించాము. బతకాలని లేదా అని నేరుగా అడిగాను. చావాలనే ఆలోచన లేదని, కాని పొద్దున్నే లేవడం ఎందుకో తెలియడం లేదని చెప్పారు. డాక్టరు మందు వెంటనే మొదలుపెట్టకుండా ఆరు వారాల్లో మళ్లీ రమ్మన్నారు.

సంబంధాల కొలత చూస్తే నాకు సిగ్గేసింది. మేము వాడే లబ్బెన్ ప్రశ్నావళి పొట్టి రూపంలో ఆరు ప్రశ్నలు ఉంటాయి, మూడు బంధువుల గురించి, మూడు స్నేహితుల గురించి. ప్రతి దానికీ సున్నా నుంచి ఐదు, మొత్తం 30. పన్నెండుకు తక్కువైతే ఒంటరితనపు ప్రమాదం. జనవరిలో ఆవిడకు 13 వచ్చింది, బంధువులవి ఐదు, స్నేహితులవి ఎనిమిది. మే నెలలో 11. అంటే ఆవిడ చెవీ, నోరూ, గడియారమూ అయిన మనిషి పోతే కాగితం మీద తగ్గినది రెండు పాయింట్లు. ఆ ప్రశ్నావళి మనుషులను లెక్కిస్తుంది, ఎంతమందిని కలుస్తారు, ఎంతమందితో సొంత విషయం మాట్లాడగలరు, ఎంతమందిని సాయం అడగగలరు అని. ఆ మూడు లెక్కల్లోనూ ఒకే మనిషి మళ్లీ మళ్లీ కనిపిస్తున్నదా అని అడగదు. జనవరిలో వచ్చిన 13ను చూసి నేను నిశ్చింతగా ఉన్నాను. అసలు ప్రమాదం అప్పుడే ఉంది.

అయినా మొదట వేసిన ప్రణాళిక అందరికీ వేసేదే: వారానికి రెండుసార్లు వ్యాయామం, ఒకసారి రమ్మీ బిళ్లల ఆట, వారానికోసారి ఇంటికి వచ్చి కబుర్లు చెప్పే ఒక విద్యార్థి వాలంటీరు. వ్యాయామానికి రెండుసార్లు వచ్చారు, సూచనలు మాండరిన్‌లో ఉండటంతో వెనక వరుసలో నిలబడి ముందువారిని చూసి చేతులు ఆడించి వెళ్లిపోయారు. వాలంటీరు అమ్మాయి మంచిది, పైగా హొక్కియెన్ కొద్దిగా వచ్చు. కాని ఆ అమ్మాయి వచ్చే గురువారం ముందు రోజే పెద్దావిడ ఇల్లు తుడిచి, బిస్కెట్లు కొని, మంచి చొక్కా తీసిపెట్టేవారు. అతిథి వస్తే మర్యాద చేయాలి. ఆరు వారాల తరువాత, ఆ పిల్లను రావద్దనమని, తాను అలిసిపోతున్నానని నాతో చెప్పారు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లోనే ఒంటరితనాన్ని రెండుగా విడదీసి చెప్పారు: నలుగురిలో కలవలేకపోవడం ఒకటి, తనకంటూ ఒక మనిషి లేకపోవడం మరొకటి. రెండవదానికి మొదటిదాని మందు పనిచేయదు. నేను సరిగ్గా ఆ మందే ఇచ్చాను.

ఇదే సమయంలో పెద్దాయన సంగతి నేను పూర్తిగా వదిలేశాను, ఎందుకంటే ఆయన మీద రెఫరల్ లేదు. కాఫీ బల్ల దగ్గర ఇద్దరూ మూడో కుర్చీకి అటూ ఇటూ కూర్చుని ఏం మాట్లాడుకోవాలో తెలియక, వారానికి ఐదు రోజుల నుంచి రెండు రోజులకు తగ్గారు. వారి మధ్య మాట నడిపింది చిన్నావిడే. తియోచ్యూ, హొక్కియెన్ దగ్గరి భాషలే కాబట్టి ఒకరి మాట ఒకరికి అర్థం కాక కాదు. శనివారం సూప్ ఆగిపోయి ఆయన రొట్టె తిని పడుకుంటున్నారని జులైలో గాని నాకు తెలియలేదు.

రెండో ప్రయత్నం

జులైలో ప్రణాళిక మార్చాను. ముందు ఫైలు మార్చాను. 'ఇటీవలి మరణాలు' గడి పక్కన చేత్తో రాశాను: నెచ్చెలి, 2023 ఫిబ్రవరి, 30 ఏళ్ల సంబంధం, రోజువారీ సంరక్షకురాలు. ఆ కాగితాన్ని పెద్దావిడకు చూపించి హొక్కియెన్ తెలిసిన సహోద్యోగితో చదివించాను. ఆవిడ మాట్లాడలేదు. కాగితాన్ని రెండుసార్లు మడిచి, మళ్లీ విప్పి, నా చేతికి ఇచ్చారు. ఆ తరువాతి వారమే, అంత్యక్రియల్లో తాను పక్కింటిదాన్ని అని చెప్పుకున్న సంగతి ఆవిడంతట ఆవిడ ఎత్తారు.

మేనల్లుడికి ఫోన్ చేశాను. అంతకుముందు ఆయన మీద నాకు లోలోపల కోపం ఉండేది, అది న్యాయం కాదు. ఆయనకు తన అత్తకు ఇటువంటి స్నేహితురాలు ఉన్నట్టే తెలియదు, తెలియజేయగలిగిన ఏకైక మనిషిని నేను. ఆయన అస్థికల గూడు నంబరు చెప్పడమే కాదు, తానే తీసుకెళతానన్నారు. ఎప్పుడు వెళ్లాలన్నది పెద్దావిడ నిర్ణయించారు. ఏడవ చాంద్రమాసం ప్రేతాల మాసం కాబట్టి వద్దన్నారు. చింగ్‌మింగ్ అనే, పెద్దల సమాధులకు వెళ్లే పండుగ ఏప్రిల్‌లోనే దాటిపోయింది. కాంటనీయులు తొమ్మిదవ నెల తొమ్మిదవ రోజున కూడా పెద్దల సమాధులకు వెళతారు, చిన్నావిడ కాంటనీస్ కాబట్టి ఆ రోజే తగినదన్నారు. ఆ ఏడాది అది అక్టోబర్ 23న వచ్చింది. పెద్దావిడ, పెద్దాయన, మేనల్లుడు, నేను వెళ్లాము. పెద్దాయన ప్లాస్టిక్ సంచిలో దారంతో కట్టిన మూడు చక్కెర కాఫీలు తెచ్చారు, ఒకటి గూటి ముందు పెట్టి రెండు వాళ్లు తాగారు. అరగంటలో ఏడుపు పెద్దగా ఏమీ లేదు. సూప్‌లో అల్లం ఎక్కువ వేసేదని పెద్దాయన అన్నారు, ఎక్కువ కాదు, నీకే కడుపు మంట అని పెద్దావిడ అన్నారు. దారి పొడుగునా ఆ వాదన సాగింది.

ఆ వాదన నుంచే మిగిలినది పుట్టింది. శనివారం సూప్ ఎలా కాయాలో పెద్దావిడకు తెలుసు, ఎన్ని పాళ్లు అల్లం వేయాలన్నది తేలలేదు కాబట్టి కాచి చూపించారు. ఆయన బాగాలేదన్నారు, మళ్లీ కాచారు. ఒకరికి వండితే వండబుద్ధి కాదని, ఇద్దరికి వండితే తానూ తింటానని పెద్దావిడ అన్నారు. నవంబర్ చివరికి హెచ్‌బీఏ1సీ 7.8కి దిగింది. అందులో సూప్ వాటా ఎంతో, మందులు మళ్లీ వేళకు వేసుకోవడం వాటా ఎంతో నేను చెప్పలేను. మందుల డబ్బా మీద హొక్కియెన్ సహోద్యోగి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు అతికించారు, ఉత్తరం వస్తే ఆవిడ నేరుగా కేంద్రానికి తెస్తారు.

తువ్వాలుకు ప్రత్యామ్నాయం కష్టమైంది. పెద్దాయన పక్క భవనంలో ఉంటారు, ఆయన కిటికీలోంచి ఈ వరండా కనిపించదు. అత్యవసర మీట ఉన్న పరికరం ఇస్తామంటే పెద్దావిడ ఒప్పుకోలేదు. చివరకు ఇద్దరూ తమంతట తామే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఉదయం 7కు ఆవిడ ఆయనకు ఒక రింగు ఇచ్చి కట్ చేస్తారు, ఆయన తిరిగి ఒక రింగు ఇస్తారు. మన ఊళ్లలో మిస్డ్ కాల్ ఇచ్చుకునే రోజులు గుర్తొచ్చి నవ్వుకున్నాను. 7.15కు రింగు రాకపోతే ఆయన మాకు ఫోన్ చేయాలన్నది మాత్రం నేను చేర్చాను. ఇప్పటికి రెండుసార్లు చేశారు, రెండుసార్లూ ఫోన్ చార్జింగ్ అయిపోవడమే కారణం.

నిర్ణయాధికారం గురించి కూడా మాట్లాడాము. 2010 నుంచి అమలులో ఉన్న మానసిక సామర్థ్య చట్టం కింద, తెలివి తప్పే రోజు వస్తే తన తరఫున నిర్ణయాలు తీసుకోవడానికి 21 ఏళ్లు నిండిన ఎవరినైనా, స్నేహితులను కూడా, ముందే నియమించుకోవచ్చు. పెద్దావిడ కొడుకునే నియమించారు, అది ఆవిడ ఇష్టం. కాని ఆసుపత్రిలో చేర్చితే ఎవరికి సమాచారం చెప్పాలన్న జాబితాలో పెద్దాయన పేరు రెండవది, దానికి కొడుకు సంతకం కూడా తీసుకున్నాను. కొడుకు సంతకం పెడుతూ, ఆయన ఎవరని తల్లిని అడిగారు. సూప్ తాగే మనిషి అన్నారు ఆవిడ.

పని పద్ధతిలో మార్చుకున్నవి

మా కేంద్రంలో ఏటా వేసే అంచనాలో ఇప్పుడు ఒక ప్రశ్న అదనంగా అడుగుతున్నాం: మీరు ఒక రోజు కనిపించకపోతే ముందుగా గమనించేది ఎవరు? జవాబులో కొడుకు, కూతురు అరుదుగా వస్తారు. కూరగాయలమ్మే మనిషి, ఎదురింటి ఆవిడ, కాఫీ బల్ల మిత్రుడు వస్తారు. ఆ పేరును ఫైలులో వరుస ఏదైనా సరే మొదటి పేజీలో రాస్తున్నాం, ఆ మనిషి ఒప్పుకుంటే ఫోన్ నంబరుతో సహా. ఆ మనిషికి ఏమైనా అయితే ఈ మనిషి ఇంటికి వారం లోపల వెళ్లాలన్నది నియమం. 2023లో దేశమంతటా వృద్ధుల కోసం కొత్త కార్యక్రమాలు మొదలయ్యాక మా మీద హాజరు సంఖ్యల ఒత్తిడి పెరిగింది, ఎందరు వచ్చారన్నది నెలనెలా పంపాలి. ఈ ప్రశ్నకు జవాబు ఏ పట్టికలోకీ ఎక్కదు. అందుకే నేను దానిని మా బృందం సమావేశాల్లో నోటితో చదివిస్తాను.

కేసు మూయలేదు. చివరి సమీక్షలో లబ్బెన్ సంఖ్య 11 దగ్గరే ఉంది, డిప్రెషన్ ప్రశ్నావళిలో 5 వచ్చింది. పెద్దావిడ ఇప్పటికీ వ్యాయామానికి రారు. ఎదురు మూల ఇంట్లోకి కొత్తవారు వచ్చారు, వారి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. పెద్దాయనకు వచ్చే నెల కంటి శుక్లం ఆపరేషన్ ఉంది, ఆ రోజు ఆయనను ఇంటికి తీసుకెళ్లే మనిషిగా పెద్దావిడ పేరు ఇచ్చారు. ఆసుపత్రిలో బోర్డులు ఆవిడ చదవలేరు కాబట్టి నేనూ వెళుతున్నాను.